సంస్థలో కొత్త ఆలోచనలు ఫలించాలంటే ఉద్యోగుల మధ్య మాట ఎలా సాగాలి?

ఆలోచన పుట్టిన విభాగానికీ, దాని అవసరం ఉన్న విభాగానికీ మధ్య దారి తెరిచి ఉంచడమే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. అమెరికాలోని త్రీఎం సంస్థలో 1968లో స్పెన్సర్ సిల్వర్ అనే రసాయన శాస్త్రవేత్త గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తూ, అంటుకున్నా తేలిగ్గా ఊడివచ్చే జిగురును తయారుచేశారు. దాని ఉపయోగమేమిటో తేలకపోయినా దాచిపెట్టకుండా, ఏళ్ల తరబడి సహోద్యోగులకు వివరిస్తూనే వచ్చారు. అలాంటి ఒక ప్రసంగం విన్న, అదే సంస్థలో వేరే విభాగానికి చెందిన ఆర్ట్ ఫ్రై, చర్చి పాటల పుస్తకంలో పెట్టుకున్న కాగితపు గుర్తులు జారిపోతుండటంతో 1974లో ఆ జిగురును గుర్తు చేసుకున్నారు. అలా ఆ జిగురుతో తయారైన, అంటించి తేలిగ్గా తీసేయగల పోస్ట్-ఇట్ కాగితాలు 1980లో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి. కాబట్టి వేర్వేరు విభాగాల వారు అసంపూర్తి పనులను సైతం పరస్పరం చూపుకొనే సమావేశం నెలకొకసారైనా పెట్టండి. అందులో పై అధికారి అందరికంటే చివర మాట్లాడితే, కింది ఉద్యోగులు జంకు లేకుండా నోరు విప్పగలుగుతారు.