బస్సు డబ్బులు ఎవరిస్తున్నారు?

అమ్మా సుజాతా,

ధర్నాకి మన మండలం అంగన్‌వాడీ వాళ్లని విజయవాడ తీసుకెళ్లే పని నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. ఉపాధ్యాయ సంఘంలో నేను ఏళ్ల తరబడి చేసింది అదే. మైకు ముందు మాట్లాడడానికి పదిమంది వస్తారు, బస్సు కుదర్చమంటే ఎవరూ కనపడరు.

ముందు ఒక మాట. ఎవరైనా నాయకుడు "రెండు బస్సులు నేను పెడతానమ్మా, భోజనాలూ నావే" అంటే మొహమాటపడకుండా వద్దను. నేను ఒకసారి సరేనన్నాను. తెల్లారి చూస్తే బస్సు ముందు ఆయన ఫొటోతో ఫ్లెక్సీ, మా డిమాండ్ల బ్యానరేమో వెనక అద్దానికి. సభ అయ్యాక, మిగతా కిరాయి అందలేదని డ్రైవర్ బండి తియ్యనన్నాడు. ఆయన ఫోన్ ఎత్తడు. రాత్రి పదకొండింటికి రోడ్డు మీద నిలబడి మా జేబులే తడుముకున్నాం. ఎలాగూ ఇచ్చింది మేమే, ఫొటో మాత్రం ఆయనది!

అప్పట్నుంచి వచ్చేవాళ్లు తలా కొంత, రానివాళ్లు దానికి రెట్టింపు వేసుకునేవాళ్లం. ఇవ్వలేనివాళ్ల వాటా సంఘం నిధిలోంచి, పేరు బయటికి రాకుండా. 2020 నవంబరులో ఢిల్లీ సరిహద్దులకు చేరిన పంజాబ్ రైతులు ఏడాది పైగా కూర్చోగలిగారంటే, ఊరూరా డీజిల్‌కి చందాలేసుకుని వంతులవారీగా వెళ్లబట్టే. బఠిండా జిల్లా విర్క్ ఖుర్ద్ పంచాయతీ అయితే ఇంటికొకరు వారం పాటు వెళ్లాలని, లేదంటే 1,500 రూపాయల జరిమానా అని తీర్మానించింది. నువ్వంత గట్టిగా పోకులే, మీ జీతాలెంతో నాకు తెలుసు.

కిరాయి మాట్లాడేటప్పుడు డ్రైవర్ బత్తా, టోల్, వెయిటింగ్ అన్నీ కలిపి కాగితం మీద రాయించుకో. సగం అడ్వాన్స్, మిగతాది ఇంటికొచ్చాకే. చవకని ట్రాక్టర్ తొట్టిలో మాత్రం ఎక్కించకు. అది సరుకు బండి, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర నానా తిప్పలు.

అసలు మీకు బస్సు మాట్లాడాల్సిన అవసరముందా? 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకి టికెట్ లేదు కదా. ఆధార్ కార్డు పెట్టుకుని నలుగురైదుగురు చొప్పున వేర్వేరు బస్సుల్లో పొండి. 2022 ఫిబ్రవరి 3న ప్రభుత్వ ఉద్యోగులు పీఆర్సీ (జీతాల సవరణ) మీద చలో విజయవాడ అన్నప్పుడు పోలీసులు దారిలోనే బండ్లు ఆపేశారు. ముందురోజే రైళ్లలో, మోటార్ సైకిళ్ల మీద విడివిడిగా బయల్దేరినవాళ్లు చాలామంది చేరారు. అద్దె బస్సు ఒక్కటి ఆపితే యాభైమంది ఆగిపోతారు.

చిక్కల్లా రాత్రి తిరిగి రావడంతోనే. ఆఖరి బస్సు దిగాక మన మండలంలో ఊళ్లకి ఆటోలు ఉండవు. వసూలైన డబ్బు అక్కడ పెట్టు, తెలిసిన ఆటోవాళ్లకి ముందే చెప్పి ఉంచు. మర్నాడు పైసాతో సహా లెక్క గ్రూపులో పెట్టెయ్. మా పాత వసూళ్ల పుస్తకం బీరువాలో ఉంది, ఆదివారం వచ్చి చూసుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న