మోకరించే ఆటగాడు చేసే సేవ: నమ్మాలా, లెక్క చూడాలా?

ప్రశ్న: మా పెద్దోడు డిగ్రీ చదువుతున్నడు. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు టిమ్ టీబో అంటే వానికి ప్రాణం. చర్చి యూత్‌ల జమ చేసిన పైసలు ఆయన ఫౌండేషన్‌కు పంపుతమంటున్నరు. గ్రౌండ్‌ల మోకాలు వంచి ప్రార్థన చేసుడు, కెమెరాల ముందట సేవ చేసుడు... ఇది నిజమైన భక్తేనా, పేరు కోసమా? పిల్లగానికి ఏం చెప్పాలె?
– ఒక తండ్రి, కాజీపేట

జవాబు: అన్నా, ముందుగా ఆయన గురించి అందరికీ తెలిసిన సంగతులు చూద్దాం. టీబో 1987లో ఫిలిప్పీన్స్‌లో పుట్టారు. తల్లిదండ్రులు అక్కడ బాప్టిస్టు మిషనరీలు. ఫ్లోరిడా యూనివర్సిటీకి ఆడుతూ 2007లో హైజ్‌మన్ ట్రోఫీ గెలిచారు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన వ్యక్తిగత బహుమతి లేదు. 2009 జనవరిలో జాతీయ ఫైనల్‌కు ఆటగాళ్లు కళ్ల కింద పూసుకునే నల్లరంగు మీద ‘యోహాను 3:16’ అని బైబిల్ వచనం సంఖ్య రాసుకుని దిగారు. 2011లో డెన్వర్ జట్టులో ఉన్నప్పుడు ఆయన మోకరించే తీరును దేశమంతా అనుకరించింది. అంతగా కనిపించే భక్తి మీద అనుమానం రావడం సహజం. మీకు వచ్చినందుకు నొచ్చుకోవద్దు.

మేమైతే అందరికన్నా ముందు కాలాన్ని చూస్తాం. ఆయన ఫౌండేషన్ 2010లో మొదలైంది. అమెరికా ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆయన చివరిసారి ఆడింది 2012 సీజన్‌లో. ప్రత్యేక అవసరాలున్న వాళ్ల కోసం చర్చిలలో జరిపే ‘నైట్ టు షైన్’ వేడుక మొదలైంది 2015లో. ఆటలో వెలుగు తగ్గాక ఈ పని పెరిగిందన్నమాట. పేరు కోసం చేసే సేవ సాధారణంగా పేరు తగ్గగానే పలచబడుతుంది. ఇక్కడ అట్లా జరగలేదు. రెండోది, ఎవరికి చేస్తున్నారన్నది. మేధో వైకల్యం ఉన్న యువతీయువకులు, ఫిలిప్పీన్స్‌లోని దవావోలో క్యూర్ ఇంటర్నేషనల్ అనే వైద్యసేవా సంస్థతో కలిసి కట్టిన ఆసుపత్రిలో ఎముకల శస్త్రచికిత్స చేయించుకునే పిల్లలు... తిరిగి ఏమీ ఇవ్వలేని వాళ్లు వీళ్లు. ఆయన చిత్తశుద్ధిని శంకించే కారణం మాకు కనిపించలేదు. అయితే ఆయన పుస్తకాలు, ప్రసంగాలు, ఫౌండేషన్ ఒకదాని పేరును ఒకటి మోస్తాయన్నదీ నిజమే. అందుకే ఆయన మనసును ఆయనకు వదిలేసి, లెక్కలు అడగాలి.

అమెరికాలో ఇలాంటి సంస్థలు ఏటా అక్కడి పన్నుల శాఖకు ఫారం 990 అనే లెక్కల పత్రం ఇవ్వాలి. చర్చిలకు మినహాయింపు ఉంది, ఫౌండేషన్లకు లేదు. చివరి మూడేళ్ల ఫారాలు ఎవరు అడిగినా చూపాలన్నది చట్టం. మీ అబ్బాయితో కూర్చుని మూడు చోట్ల చూడండి. ఏడో భాగంలో పదవుల్లో ఉన్నవాళ్ల జీతాలుంటాయి. తొమ్మిదో భాగంలో ఖర్చు మూడు వరుసలుగా విడిపోతుంది: సేవ, నిర్వహణ, విరాళాల సేకరణ. షెడ్యూల్ ఎల్‌లో సంస్థకూ దాని పెద్దలకూ వాళ్ల కుటుంబాలకూ మధ్య జరిగిన లావాదేవీలు కనబడతాయి. ఒక్క ఏడు చూసి తీర్పు చెప్పొద్దు. మూడేళ్లవి పక్కపక్కన పెట్టండి. నిర్వహణ ఖర్చు తక్కువ కాబట్టి మంచి సంస్థ అనుకోవడమూ పొరపాటే. చూడాల్సింది సేవ వరుసలో రాసిన డబ్బు నిజంగా దేనికి పోయిందన్నది. ప్రచారపు ఉత్తరాల ఖర్చులో కొంత ‘అవగాహన కార్యక్రమం’ పేరుతో అక్కడ చేరే వీలుంది.

పంపే విషయానికొస్తే, మా సలహా వద్దనే. విదేశీ సంస్థకు ఇచ్చిన విరాళానికి ఇక్కడ పన్ను రాయితీ రాదు. బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపేందుకు నింపే ఏ2 ఫారం, పాన్ ఇవ్వాలి. పిల్లలు పోగుచేసిన చిన్న మొత్తంలో బ్యాంకు ఛార్జీలు, కరెన్సీ మార్పిడి కలిసి చెప్పుకోదగ్గ భాగం తినేస్తాయి. ఆ స్ఫూర్తితో ఇక్కడే ఏం చేయొచ్చో కింద హనుమకొండ చెల్లెకు రాశాం, మీవాడికి చదివించండి.

ప్రశ్న: కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియొద్దంటరు కదా. మరి వీడియో తీసి పెడితే అది దానం ఎట్లయితది?
– మంచిర్యాల పాఠకుడు

జవాబు: ఆ మాట మత్తయి సువార్త 6వ అధ్యాయంలోది. అదే సువార్త 5:16లో మనుషులు మీ సత్క్రియలు చూసేలా మీ వెలుగు ప్రకాశించనివ్వండని ఉంది. ఖురాన్ 2:271 బహిరంగ దానం మంచిదే, గుప్తంగా పేదలకు చేరిస్తే ఇంకా మేలంటుంది. భగవద్గీత 17వ అధ్యాయం తిరిగి ఉపకారం చేయలేని వాడికి, తగిన చోట, తగిన వేళ ఇచ్చేది సాత్త్విక దానమని, ప్రతిఫలం ఆశించి ఇచ్చేది రాజసమని చెబుతుంది. మూడు గ్రంథాలూ ఇచ్చేవాడి ఉద్దేశాన్నే పట్టించుకున్నాయి, చూసేవాళ్ల సంఖ్యను కాదు.

మరి వీడియోను దేనితో కొలవాలంటే, అందులో ఎవరి ముఖం ఎక్కువసేపు ఉందో చూడండి. పుచ్చుకునే వాళ్ల పేరు, ఊరు, పేదరికం చూపి, ఇచ్చేవాడిని మధ్యలో నిలబెడితే అది తప్పే. ఇచ్చేవాడు ఎంత భక్తుడైనా సరే. సెనెగల్ ఫుట్‌బాల్ ఆటగాడు సాదియో మానే తన ఊరు బంబాలిలో ఆసుపత్రి కట్టించారు. 2021లో తెరిచారు. చిన్నప్పుడు తండ్రి జబ్బుచేసి చనిపోయేనాటికి ఆ ఊళ్లో ఆసుపత్రి లేదు. ఆయన ముస్లిం, నమాజు విడవని మనిషి. అక్కడ ఆసుపత్రి ఉందని లోకానికి తెలిస్తేనే రోగులు వస్తారు, డాక్టర్లు వస్తారు. అలాంటి ప్రచారం సేవలో భాగమే.

ప్రశ్న: మా ప్రభుత్వ హైస్కూలుకు ఒక ఆటగాడు తన ట్రస్టు పేరుతో వచ్చి కిట్లు పంచుతానంటున్నారు. భక్తిపరుడని పేరుంది. పంచేముందు చిన్న ప్రార్థన ఉంటుందన్నారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో విరాళాలకు క్యూఆర్ కోడ్ కూడా పెట్టమంటున్నారు. ఏం చూసుకోవాలి?
– ఒక టీచరు, జనగామ

జవాబు: మేడమ్, కిట్లు తీసుకోవడం, డబ్బు సేకరించడం వేరువేరు సంగతులు. క్యూఆర్ కోడ్ మాత్రం స్కూలు గ్రూపులో పెట్టొద్దు. మీరు పెడితే పూచీ మీదన్నట్టే తల్లిదండ్రులు అనుకుంటారు.

విడిగా ఎవరైనా ఇవ్వాలనుకుంటే కోడ్ స్కాన్ చేయగానే వచ్చే పేరు ట్రస్టుదై ఉండాలి, ఆటగాడిదో మేనేజరుదో కాదు. సంస్థ పాన్ అడగండి. అందులో నాలుగో అక్షరం సంస్థ ఏమిటో చెబుతుంది: ‘టీ’ అంటే ట్రస్టు, ‘సీ’ అంటే కంపెనీ, ‘పీ’ అంటే మామూలు వ్యక్తి. ‘పీ’ ఉంటే ఆ డబ్బు మనిషి సొంత ఖాతాకే పోతున్నట్టు. తరువాత, ఇచ్చినవాళ్లకు పన్ను రాయితీ వచ్చేలా చేసే 80జీ ధ్రువపత్రం తేదీలు చూడండి. తాత్కాలిక అనుమతి 3 ఏళ్లకు, మామూలుది 5 ఏళ్లకు ఇస్తారు. గడువు దాటిన కాగితాన్నే చూపించేవాళ్లు ఉంటారు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే రాయితీ వర్తించదు. ఇచ్చినవాళ్లకు ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోపు సంస్థ ఫారం 10బీఈ అనే విరాళ ధ్రువపత్రం ఇవ్వాలి. అది రాకపోతే మీ విరాళం వాళ్ల లెక్కలో చేరలేదేమోనని గట్టిగా అడగాల్సిందే. (ఇవన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టం లెక్కలు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు.) కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ రాయితీ ఎట్లాగూ ఉండదు.

అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది: డబ్బు ఎవరిది? ఆటగాడి సొంతమా, జనం ఇచ్చిందా, కంపెనీ సామాజిక బాధ్యత నిధా? కంపెనీ డబ్బుకు ఆటగాడు ముఖం మాత్రమే ఇస్తే, ఆ మాట బ్యానరు మీద ఉండాలి. తమ సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను సామాజిక బాధ్యత ఖర్చుగా చూపడానికి కంపెనీల నిబంధనలు ఒప్పుకోవు. ట్రస్టు సొమ్ము వ్యవస్థాపకుడి బంధువులకు, వాళ్ల అకాడమీకి లాభంగా మళ్లితే పన్ను మినహాయింపే పోయే ప్రమాదం ఉంది. చిత్తశుద్ధి ఉన్న ఆటగాడికి ఈ ప్రశ్నలు అడిగినా కోపం రాదు. ఆడిట్ చేసిన లెక్కలు పంపమంటే పంపుతారు.

ప్రార్థన సంగతి సూటిగా చెప్పాలి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం. ఏ మతమైనా ఇదే. ఆయన తన మనసులో ప్రార్థించుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. పిల్లల్ని నిలబెట్టి చేయించడం కుదరదని ముందే, మర్యాదగా, రాతలో చెప్పండి. 80జీ ఉన్న సంస్థ కూడా తన ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన పనులకు ఖర్చు పెట్టకూడదు. ఈ హద్దు తెలిసినవాళ్లు వాదించరు.

కిట్ల దగ్గర ఎక్కువగా చెడేది కొలతలు. పిల్లల పాదాలు సెంటీమీటర్లలో కొలిచి, పేరుపేరునా జాబితా పంపండి. అంచనాతో తెస్తే చాలా జతలు బీరువాలోనే పాతబడతాయి. ప్యాడ్లు, హెల్మెట్లు లేకుండా లెదర్ బంతి ఇస్తే దెబ్బలు ఖాయం. వాలీబాల్‌తో పాటు పంపు, సూదులు అడగండి. అవి లేక నెల తిరగకముందే బంతి మూలన పడుతుంది. ఒక్కరోజు కిట్టు కన్నా ఏడాదిపాటు వారానికి రెండు సాయంత్రాలు వచ్చే కోచ్ ఎన్నో రెట్లు మేలు. ఆయనను అదే అడిగి చూడండి. సరే అన్నారో, ఫొటో దిగి వెళ్లిపోయారో, దాన్నిబట్టి మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ‘నైట్ టు షైన్’ లాంటి సాయంత్రాన్ని మా దగ్గర ప్రత్యేక పిల్లల కోసం చేయాలనుకుంటున్నం. ఎట్లా మొదలుపెట్టాలె?
– హనుమకొండ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: చెల్లీ, ఆ పేరు, గుర్తు ఫౌండేషన్‌వి. అనుమతి లేకుండా వాడొద్దు, మీ పేరు మీరు పెట్టుకోండి. అక్కడ 14 ఏళ్లు దాటినవాళ్లనే అతిథులుగా పిలుస్తారు. పెద్దవాళ్లను పిల్లల్లా చూడకుండా ఉండటానికి ఆ హద్దు మంచిది.

మొదటిసారి 30 మందితో చేయండి. ఒక్కో అతిథికి ఒక్కో తోడు, పైన 5 మంది అదనం. తోడు ఉండేవాళ్లకు కనీసం రెండు గంటల శిక్షణ ఇవ్వండి. రెండు వారాల ముందే ప్రతి ఇంటి నుంచి ఒక కాగితం నింపించుకోండి: పిలిస్తే ఇష్టపడే పేరు, మందులు, వేళలు, మూర్ఛ ఉందా, ఏం తినగలరు, మింగడంలో ఇబ్బంది ఉందా, దేనికి భయపడతారు, ఇంటివాళ్ల ఫోను. టాయిలెట్ సాయం ఇంటివాళ్లే చేయాలి. తోడు వచ్చినవాళ్లు అతిథితో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు.

ఫంక్షన్ హాలు చూడ్డానికి టేపు పట్టుకుని వెళ్లండి. చక్రాల కుర్చీకి వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. రెండడుగుల స్టేజీ ఎక్కించాలంటే 24 అడుగుల ర్యాంపు కావాలన్నమాట. అంత చోటు ఉండదు, చెక్క పలకలు వేస్తే జారిపడతారు. కాబట్టి స్టేజీనే వదిలేసి, అతిథులకు కిరీటం పెట్టడం దగ్గర్నుంచి అన్నీ నేల మీదే చేయండి. టాయిలెట్ తలుపు 90 సెంటీమీటర్లుంటే కుర్చీ సులువుగా పడుతుంది.

ఎక్కువ వేడుకలు చెడేది డీజే దగ్గర. మెరిసి ఆరే లైట్లు మూర్ఛను రేపగలవు, అస్సలు వద్దు. పక్కవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడగలిగేంత శబ్దమే ఉండాలి. ఆటిజం ఉన్నవాళ్ల కోసం స్పీకర్లకు దూరంగా ఒక నిశ్శబ్ద గది, చాపలు, ఫ్యాను ఏర్పాటు చేయండి. సాయంత్రం 5 నుంచి 8 వరకు చాలు, రాత్రి మందుల వేళ దాటిపోదు. ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

ఫొటోలకు ఇంటివాళ్ల రాతపూర్వక అనుమతితో పాటు అతిథినీ అడగాలి. వద్దన్నవాళ్ల చేతికి ఒక రంగు రిబ్బను కడితే ఫొటోగ్రాఫరుకు దూరం నుంచే తెలుస్తుంది. ప్రార్థన ఉంటే ఆహ్వానంలోనే రాయండి, భోజనానికి దానికి ముడిపెట్టొద్దు.

ఇంకో మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాం. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 పరుగులో కాంస్యం గెలిచారు. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం అది. మన పక్కనే అంత సత్తా ఉంది. ఒక్క సాయంత్రంతో ఆపకుండా జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో వారానికో గంట ఆట సమయం అడిగి తీసుకోండి. వేడుక ఖర్చు కన్నా అది తక్కువలో అవుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఊళ్లో పిల్లల ఆటల ట్రస్టుకు డబ్బు పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఆయన దగ్గర ఏ పాస్‌పోర్టు ఉందో అడగండి. ఇండియా పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అప్పుడు ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. నిర్వహణకు 20 శాతం మించి వాడకూడదు, ఇంకో సంస్థకు మళ్లించకూడదు. రిజిస్ట్రేషన్ లేకుండా పదివేలు తీసుకున్నా ఉల్లంఘనే. మీ పేరు మీద తెప్పించి ట్రస్టుకు ఇద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, చిక్కుల్లో పడేది మీరే.