ఊళ్లో సైబర్ క్లాసా? పీపీటీ పక్కన పెట్టి రూపాయి పంపించండి

మీ ప్రశ్న: "హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాం. ఎన్‌ఎస్‌ఎస్ తరఫున చుట్టుపక్కల ఊళ్లలో సైబర్ మోసాల గురించి చెప్పాలనుకుంటున్నాం. ఎట్లా మొదలుపెట్టాలి, ఏమేం చెప్పాలి?" నేను చదువుకునే రోజుల్లో మా బ్యాచ్‌తో పరకాల, వర్ధన్నపేట వైపు ఊళ్లలో ఇదే పని చేశాను. ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు మనుషులు దొరకాలి కదా. దానికోసం కొత్తగా మీటింగ్ పెట్టకండి. మహిళా సంఘాల మీటింగ్ ఎలాగూ జరుగుతుంది. సంఘాల లెక్కలు చూసే వీవోఏతో ముందే మాట్లాడుకుంటే చివర్లో అరగంట ఇస్తారు. మగవాళ్లయితే పొద్దుగూకాక హోటల్ దగ్గర, లేదంటే రైతు వేదికలో దొరుకుతారు. పత్తి ఏరే రోజుల్లో పగటిపూట ఊరికి పోతే అరుగులన్నీ ఖాళీగా ఉంటాయి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన పైసలు అకౌంట్లలో పడే ఫిబ్రవరి, మార్చి నెలలు మాత్రం వదులుకోవద్దు. ఆ టైమ్‌లో ఈ సంగతి అందరూ చెవి పెట్టి వింటారు.

ఫిషింగ్, మాల్వేర్ అని మొదలుపెట్టారో, ముందు వరుసలోని అవ్వలు కొంగు సర్దుకుని లేచిపోతారు. మాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది రూపాయి ఆట. ఒక సంఘం మీటింగ్‌లో మా ఫ్రెండ్ ఒక చిన్నమ్మకు ఫోన్‌పేలో రూపాయి పంపాడు. ఆమె ఫోన్ టింగుమంది.

"ఏమన్న నొక్కినవా చిన్నమ్మా?"

"నేనేం నొక్కలే బిడ్డా."

"పిన్ను అడిగిందా?"

"లేదు."

ఇప్పుడు ఆ రూపాయి తిరిగి పంపమన్నాం. పిన్ను అడిగే పేజీ వచ్చింది. ఆమె వేలు అక్కడే ఆగింది. "అంటే పిన్ను అడుగుతుందంటే నా పైసలు పోతున్నట్టేనా?" అంది. మేం చెప్పాల్సిన ముక్క ఆమె నోటి నుంచే వచ్చేసింది. పక్కనున్నావిడ చప్పుడు చేయకుండా ఫోన్ కవర్ తీసి, ఏటీఎం కార్డుతో కలిపి పెట్టుకున్న పిన్ నంబర్ చిట్టీని చింపేసింది. ఏ పోస్టరూ ఈ పని చేయించలేదు.

రెండోది ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు. పీఎం కిసాన్ లిస్టు, ట్రాఫిక్ చలాన్, పెళ్లి కార్డు, ఇలా ఏదో ఒక పేరుతో వాట్సాప్‌లో వస్తాయి. తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తాయి కాబట్టి అనుమానం రాదు. పంపింది ఆ మనిషి కాదు, అప్పటికే దొంగల చేతిలో పడ్డ ఆయన ఫోన్. ఇన్‌స్టాల్ చేసి, మెసేజ్‌లు చదివే పర్మిషన్ ఇస్తే ఓటీపీలు అటే పోతాయి. "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి వదిలేయకండి. సెట్టింగ్స్‌లో వాట్సాప్‌కు, క్రోమ్‌కు బయటి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే పర్మిషన్ ఉంటే అక్కడికక్కడే ఆఫ్ చేయించండి. చేయాల్సింది మాత్రం వాళ్లే. మీరు ఎవరి ఫోనూ చేతిలోకి తీసుకోవద్దు. తెలియని వాళ్లకు ఫోన్ ఇవ్వొద్దని చెప్పడానికి వచ్చి మీరే ఫోన్ అడిగితే ఎట్లా?

ఆధార్ బయోమెట్రిక్ లాక్, అంటే ఆధార్‌లో వేలిముద్ర పనిచేయకుండా తాళం వేసి పెట్టడం, ఆ విషయంలో తొందరపడకండి. దొంగ వేలిముద్రలతో డబ్బు తీయకుండా అది ఆపుతుంది, నిజమే. కానీ అన్‌లాక్ చేయడం రాని ముసలాయనకు లాక్ పెట్టి మీరు బస్సెక్కితే, రేషన్ షాపులో ఆయన వేలిముద్ర పడదు. ఇంట్లో అన్‌లాక్ చేయగలిగేవాళ్లు ఉంటేనే పెట్టించండి.

డిజిటల్ అరెస్ట్, అంటే పోలీసులమని వీడియో కాల్ చేసి, అరెస్ట్ చేశామని బెదిరించి డబ్బు గుంజే మోసం గురించి ఊళ్లకంటే హనుమకొండ కాలనీల్లోనే ఎక్కువ చెప్పాలి. రిటైరైన టీచర్లు, ఉద్యోగుల దగ్గర పీఎఫ్ డబ్బు ఉంటుంది, పోలీసులంటే భయమూ ఉంటుంది. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు, వీడియో కాల్‌లో ఏ పోలీసూ ఎవర్నీ అరెస్ట్ చేయడు అని గట్టిగా చెప్పండి. ఫోన్ చేసేవాడు హిందీలోనే మాట్లాడతాడన్న నమ్మకం కూడా పోగొట్టండి. ఉద్యోగాలని కంబోడియా, మయన్మార్ తీసుకుపోయి మన పిల్లల చేత బలవంతంగా ఇవే కాల్స్ చేయించిన వార్తలు పేపర్లలో చూసే ఉంటారు.

ఇక 1930, సైబర్ మోసంలో డబ్బు పోతే ఫిర్యాదు చేసే హెల్ప్‌లైన్. నంబర్ చాలామందికి తెలుసు, చేయరు. "ఇంట్లో తెలిస్తే తిడతారు" అని రెండు రోజులు మింగేస్తారు. అంతలో పోయిన డబ్బు నాలుగు అకౌంట్లు దాటిపోతుంది. వెంటనే చెప్తే ఏదో ఒక అకౌంట్‌లో దాన్ని ఆపే వీలుంటుంది. ఆగిన డబ్బు తర్వాత కోర్టు ద్వారా వెనక్కి రావచ్చు. బ్యాంకుకూ అప్పుడే చెప్పాలి. పిన్ మనమే చెప్పేసినా సరే, బ్యాంకుకు తెలిపాక జరిగే నష్టం బ్యాంకే భరించాలని 2017లోనే ఆర్‌బీఐ సర్క్యులర్ ఇచ్చింది. ఈ ఒక్క మాట చెప్తే చాలామంది ఫోన్ చేయడానికి ముందుకొస్తారు. మీటింగ్‌లో ఎవరైనా తాము మోసపోయిన సంగతి చెప్పినప్పుడు మీలో ఒక్కరు నవ్వినా, ఆ ఊళ్లో ఇంకెవరూ నోరు విప్పరు. మీ టీమ్‌కు ఇది బయల్దేరేముందే చెప్పి పెట్టుకోండి.

ఒక మాట అడగకుండానే చెప్తున్నా: ఊళ్లకు పోయేముందు మీ హాస్టల్లో ఒక క్లాసు పెట్టండి. నాలుగైదు వేలకు ఆశపడి తన అకౌంట్, ఏటీఎం కార్డు, సిమ్ ఇంకొకరికి ఇచ్చే కుర్రాళ్లు ప్రతి కాలేజీలో ఉంటారు. చిన్నమ్మ దగ్గర కొట్టేసిన డబ్బు ముందు పడేది అలాంటి అకౌంట్‌లోనే. పోలీసులు ముందు పట్టుకునేదీ ఆ కుర్రాణ్నే. టెలిగ్రామ్‌లో "రివ్యూలు రాస్తే డబ్బులు" అనే పార్ట్‌టైమ్ ఉద్యోగాల్లో ఇరుక్కునేదీ ఎక్కువగా మన వయసువాళ్లే.

సర్పంచ్‌కో పంచాయతీ కార్యదర్శికో ముందే చెప్పి, ఐడీ కార్డులు మెడలో వేసుకుని పోండి. రిపోర్టు కోసం ఫొటోలు దిగుతారు ఎలాగూ, ఎవరి ఫోన్ స్క్రీనూ అందులో పడకుండా చూసుకోండి.