తేదీ ఒక రోజు వెనకబడుతుంటే దిద్దకండి

నుంగంబాకంలో ఉండిన పాత మద్రాసు అబ్జర్వేటరీ రికార్డులు ఎక్కిస్తుంటే తేదీలు సాఫ్ట్‌వేర్ లెక్కకి ఒక రోజు వెనక వస్తున్నాయని, మీ చెన్నై వాలంటీర్లు తప్పు చదువుతున్నారేమోనని అడిగారు కదండీ. వాళ్ల మీద అనుమానం వద్దు. 1925కు ముందు ఖగోళ దినం (ఖగోళ శాస్త్రవేత్తలు వాడిన రోజు లెక్క) ఆ తేదీ మధ్యాహ్నం 12కి మొదలయ్యేది. అంటే 4వ తేదీ 15 గంటలు అని ఉంటే, మన లెక్కలో 5వ తేదీ తెల్లవారుజామున 3.

పేజీలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించి, మార్చిన తేదీకి పక్కన వేరే కాలమ్ పెట్టండి. ఒకసారి దిద్దేస్తే అసలు అంకె ఇక దొరకదు. ఈ ఒక్క విషయంలో మాత్రం దయచేసి గట్టిగా ఉండండి.

మద్రాసు సమయం గ్రీన్‌విచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు, ఐదున్నర కాదు. నక్షత్రం మధ్యాహ్న రేఖ (ఆకాశంలో ఉత్తర దక్షిణాలను నడినెత్తి మీదుగా కలిపే ఊహా గీత) దాటిన వేళలైతే నాక్షత్ర కాలంలో, అంటే సూర్యుణ్ణి కాక నక్షత్రాలను బట్టి లెక్కించే సమయంలో ఉండొచ్చు. ఆ నక్షత్రం రైట్ అసెన్షన్‌తో (ఆకాశంలో దాని తూర్పు పడమర స్థానం చెప్పే అంకెతో) పోల్చితే తెలిసిపోతుంది; రెండూ దాదాపు సరిపోతే అది నాక్షత్ర కాలమే.