పే స్లిప్‌లో యూనియన్ డ్యూస్: మానిపించే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మా అబ్బాయి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)లో ఎంఎస్ చదువుతూ టీచింగ్ అసిస్టెంట్‌గా చేస్తున్నాడు. ప్రతి నెలా జీతంలో యూనియన్ డ్యూస్ (సభ్యత్వ చందా) అని 43 డాలర్లు పోతున్నాయి. ఇది కట్టి తీరాలా? వీసాకేమైనా ఇబ్బందా? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: కట్టి తీరాలనేం లేదండీ. యూసీ ప్రభుత్వ సంస్థ. అలాంటి చోట ఉద్యోగి ఒప్పుకోకుండా యూనియన్ కోసం ఒక్క సెంటు కూడా కొయ్యకూడదని అమెరికా సుప్రీంకోర్టు 2018లో జానస్ కేసులో తేల్చేసింది. అంటే మీవాడు ఎక్కడో సంతకం పెట్టాడన్నమాట. ఓరియంటేషన్ హడావిడిలో ఫోన్‌లోనే ఫారం నింపేసి మరిచిపోయేవాళ్లు చాలామంది. ముందు ఆ ఫారం కాపీ తెప్పించుకోమనండి.

అక్కడి టీఏలు (టీచింగ్ అసిస్టెంట్లు), రీడర్లు (పేపర్లు దిద్దేవాళ్లు), ట్యూటర్ల యూనియన్ యూఏడబ్ల్యూ 4811. మాతృసంస్థ యునైటెడ్ ఆటో వర్కర్స్ (యూఏడబ్ల్యూ) కార్ల ఫ్యాక్టరీల కార్మికులది, పేరు చూసి కంగారు పడకండి. డ్యూస్ కోతలు పోకముందు జీతంలో 1.44 శాతం. 3,000 డాలర్ల మీద 43.20, మీరు చెప్పిన లెక్కే. టీఏ పని లేని నెలలో జీతమూ ఉండదు, డ్యూసూ ఉండదు.

యూనియన్ కుదిర్చిన జీతం, ఫీజు మాఫీ, ఆరోగ్య బీమా డ్యూస్ కట్టనివాళ్లకూ వర్తిస్తాయి. సభ్యుడికి అదనంగా దక్కేది ఓటు. ఒప్పందానికి సరే అనాలన్నా, సమ్మెకు దిగాలన్నా సభ్యులే తేల్చాలి. ఆ ఓటు విలువ 2022లో కనిపించింది. నవంబరు 14న యూసీలో దాదాపు 48,000 మంది సమ్మెకు దిగారు. తర్వాత కుదిరిన ఒప్పందంతో, సగం పని చేసే టీఏకి తొమ్మిది నెలలకు సుమారు 23,250 డాలర్లుగా ఉన్న కనీస వేతనం 2024 అక్టోబరుకల్లా దాదాపు 34,000 అయింది. ఆ పెంపు పక్కన నెలకు 43 డాలర్లు నా లెక్కలో ఖరీదేం కాదు. సమ్మెలో జీతం ఆగితే యూనియన్ నిధి నుంచి భత్యం వస్తుంది, అప్పట్లో వారానికి 400 డాలర్లు ఇచ్చారు. ఇంట్లో కూర్చుంటే రాదు, సమ్మె పనుల్లో పాల్గొనాలి.

రోజువారీగా పనికొచ్చేది గంటల లెక్క. 50 శాతం (అంటే సగం పని) నియామకానికి క్వార్టర్‌లో 220 గంటలు, సెమిస్టర్ పద్ధతి ఉన్న క్యాంపస్‌లో 340 గంటలు దాటకూడదని ఒప్పందంలో ఉంది. పేపర్లు దిద్దడం, ఆఫీస్ అవర్స్, విద్యార్థుల మెయిళ్లకు జవాబులు, అన్నీ ఇందులోవే. ఏ వారం ఎన్ని గంటలయ్యాయో రాసుకోమనండి. గ్రీవెన్స్ (ఒప్పందం ఉల్లంఘించారన్న ఫిర్యాదు) వేయడానికి గడువు తక్కువ, రాత లేకపోతే వాదనే నిలవదు. పైగా ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు కదా, గంటలు పెరిగితే రెండు వైపులా దెబ్బే.

యూనియన్‌లో చేరినందుకు వీసా పోదు. నిరసనల్లో అరెస్టయితే మాత్రం చిక్కే. మరొకటి, యూనియన్లు డ్యూస్ కాకుండా ఎన్నికల కోసం వేరే స్వచ్ఛంద విరాళం కూడా అడుగుతుంటాయి. గ్రీన్ కార్డ్ లేని విదేశీయులు అమెరికా ఎన్నికలకు డబ్బివ్వడం చట్టవిరుద్ధం. ఫారంలో ఆ గడికి టిక్ పెట్టి ఉంటే వెంటనే తీయించుకోవాలి. నేనైతే డ్యూస్ సంగతి కంటే ముందు ఇదే చూస్తాను.

అయినా మానేయాలనుకుంటే, అందరూ చేసే పొరపాటు పేరోల్ ఆఫీసుకు మెయిల్ పెట్టడం. కాలిఫోర్నియా చట్టం ప్రకారం రద్దు కోరాల్సింది యూనియన్‌నే. రద్దుకు ఫలానా రోజుల్లోనే అడగాలన్న షరతు ఫారంలో ఉందేమో చూసుకుని, తేదీతో రాతపూర్వకంగా పంపి, కాపీ దాచుకోవాలి. తర్వాతి రెండు పే స్లిప్పులు కూడా గమనించమనండి.