చిన్నాకి, క్వాడ్ సంగతి

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు ఫిగర్ స్కేటింగ్‌లో క్వాడ్ మొదలుపెట్టాడు అన్నయ్యా, అదే, గాల్లో నాలుగు చుట్లు తిరిగే జంపు, పడకుండా పైనుంచి తాడుతో పట్టే హార్నెస్ కట్టుకుని గాల్లో తిరుగుతున్నాడు, నాకు చూస్తుంటేనే కాళ్లూ చేతులూ ఆడటం లేదు" అంది. వీడియో కూడా పంపింది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పదహారేళ్లకే ఆ తిరగడం, ఆ భుజాలు దగ్గరికి తెచ్చుకోవడం చూసి గొంతు పట్టేసింది నాకు. పడుకున్నాక మాత్రం భయం పట్టుకుంది, నిద్ర రాలేదు. అందుకే లేచి రాస్తున్నాను. పొడుగైనా ఓపికగా చదువు.

క్వాడ్ లేకపోతే మగవాళ్ల పోటీల్లో గెలవలేమని మీ అమ్మతో అన్నావట. పైస్థాయిలో నిజమే, నీకు అబద్ధం చెప్పను. ఒకప్పుడు అలా లేదు. 2010 వాంకోవర్ ఒలింపిక్స్‌ మీ అమ్మమ్మా నేనూ పక్కపక్కన కూర్చుని చూశాం. రష్యావాడు ప్లుషెంకో క్వాడ్ చేశాడు, అమెరికావాడు ఇవాన్ లైసాచెక్ ఒక్క క్వాడ్ కూడా చేయలేదు, 257.67కి 256.36, అంటే 1.31 తేడాతో లైసాచెక్‌కే బంగారం. అంతకుముందు 2008లో జెఫ్రీ బట్ల్, 2009లో మళ్లీ లైసాచెక్, ఇద్దరూ క్వాడ్ లేకుండానే ప్రపంచ ఛాంపియన్లయ్యారు. అప్పటి లెక్కల్లో కాస్త తక్కువ తిరిగిన క్వాడ్‌ని ట్రిపుల్ కింద, అంటే మూడు చుట్ల జంపు కింద కట్టేసేవాళ్లు, పైగా తప్పుకి కోత, అందుకని తెలివైనవాళ్లు దాని జోలికి పోయేవాళ్లు కాదు. వాంకోవర్ తర్వాత పెద్ద గొడవైంది, తక్కువ తిరిగినదానికీ కొంత విలువ ఇవ్వడం మొదలైంది, అక్కడి నుంచి అందరూ తెగించారు. 2011 తర్వాత క్వాడ్ లేకుండా ప్రపంచ ఛాంపియన్ అయినవాడు లేడు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో నేథన్ చెన్ ఒక్క ఫ్రీ స్కేట్‌లోనే, అంటే రెండోదైన పొడుగు ప్రోగ్రామ్‌లోనే, ఐదు చేశాడు. ఇలియా మలినిన్ 2022లో లేక్ ప్లాసిడ్‌లో ఏకంగా క్వాడ్ యాక్సెల్ దిగాడు, యాక్సెల్ ముందుకి చూస్తూ ఎగరాల్సిన జంపు కాబట్టి నాలుగున్నర చుట్లు! కాంపొనెంట్స్ మార్కులు, అంటే స్కేటింగ్ తీరుకీ ప్రదర్శనకీ ఇచ్చేవి, ఎంత బాగా చేసినా ఫ్రీలో వంద దగ్గర ఆగిపోతాయి, జంపుల మార్కులకి ఆ హద్దు లేదు.

కానీ అదే బీజింగ్‌లో జేసన్ బ్రౌన్ ఒక్క క్వాడ్ కూడా లేకుండా ఆరో స్థానంలో నిలిచాడు, 2023 ప్రపంచ పోటీల్లో ఐదో స్థానం. మెడల్ కాదు కదా మావయ్యా అంటావు. కాదు. కానీ అతని కింద ఎంతమంది క్వాడ్లు చేసినవాళ్లున్నారో స్కోర్ షీట్ తీసి చూడు.

ఇంకో లెక్క చూడు. క్వాడ్‌లలో టో లూప్ అనే రకం విలువ 9.50. దాని మీద జడ్జీలు ఎంత బాగా చేశావో చూసి మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు. పూర్తిగా తిరిగి పడ్డావనుకో, మైనస్ 5తో సగం పోయి 4.75, పడినందుకు ఇంకో పాయింట్ కోత, చేతికొచ్చేది 3.75. పడటంతో పాటు పావు చుట్టుకి మించి తక్కువైందా, 2.80. పడటంతో పాటు సగం చుట్టు తగ్గిందా, ట్రిపుల్ కింద కట్టి 1.10 మిగులుతుంది. పడకుండా తూలుతూ దిగి మైనస్ 2 తెచ్చుకున్నా 7.60 దగ్గరే ఆగుతావు. శుభ్రంగా, ఎత్తుగా చేసిన ట్రిపుల్ యాక్సెల్‌కి ప్లస్ 4 వేశారంటే 11.20. ఇప్పుడు నువ్వు ఆడే పోటీల్లో ఏది గెలిపిస్తుందో చెప్పు. నీ యాక్సెల్ పదికి ఎన్ని నిలబడుతున్నాయి? మీ అమ్మ ఆరు అంది. పదికి తొమ్మిది కావాలి, అదీ ప్రోగ్రామ్ మధ్యలో, ఊపిరి అందనప్పుడు.

మిగతావి నీకు తెలిసినవే. నిద్రపో. తిను, బరువు తగ్గితే ఎక్కువ తిరగొచ్చని అన్నం మానేసే పిచ్చి పని చేయకు. మెత్తబడిన బూట్లతో క్వాడ్ ప్రయత్నించకు. వార్మప్ లేకుండా మంచు మీదికి దిగకు. రోజుకి ఇన్ని అని మీ కోచ్ లెక్క పెడితే ఆ లెక్క దాటకు.

ఈ చివరిది దాటడం వల్లే నా కథ అయిపోయింది. మెడల్ తప్పిందన్నంత వరకే నీకు తెలుసు, మొత్తం ఎప్పుడూ చెప్పలేదు.

1998లో నగానోలో ఇల్యా కులిక్ క్వాడ్ టో లూప్ దిగి బంగారం గెలిచాడు. నాకప్పుడు పదహారు, సరిగ్గా నీ వయసే. గుంటూరులో ఐదో తరగతి దాకా చదివి వచ్చినవాణ్ణి, మంచు మొహం చూసిందే పదకొండో ఏట. మిగతా పిల్లలు నాలుగేళ్లకే మొదలుపెట్టారు, నేను వెనకబడ్డానన్న మాట రాత్రీ పగలూ తొలిచేసేది. క్వాడ్ ఒక్కటి వస్తే ఆ వెనకబాటంతా ఒక్క గంతులో తీరిపోతుందనుకున్నా. నా ట్రిపుల్ యాక్సెల్ పదికి మూడు నిలబడేది. ముందు అది చూడమన్నాడు మా కోచ్. సరేనని, ఆయన లేని సమయంలో, మధ్యాహ్నం రింక్ ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లేవాణ్ణి. రోజుకి ఇరవై ఐదు, ముప్ఫై ప్రయత్నాలు. హార్నెస్ లేదు, చూసేవాళ్లు లేరు. 1999 వేసవంతా అదే పని.

జులైలో కుడి పాదం పైన, చీలమండకి కాస్త ముందు, నొప్పి మొదలైంది. గాయమంటే వాపు ఉండాలి కదా, ఇది అలా లేదు. ఎముక లోపల ఎవరో వేలితో నొక్కినట్టు. ఉదయం ఉండేది కాదు, జంపులయ్యాక వచ్చేది, రాత్రికి పోయేది. పోతోంది కదా అనుకున్నా. ఆగస్టుకి ఉదయం కూడా ఉండేది. లేసులు ఇంకా గట్టిగా లాగి కట్టాను, మాత్రలు వేసుకున్నాను. ఒకరోజు మెట్లు దిగుతుంటే అమ్మమ్మ కింద నుంచి చూసి "ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతున్నావేంరా" అంది. కొత్త బూట్లమ్మా, కరుస్తున్నాయి అన్నాను. ఆవిడ కొబ్బరినూనె వేడి చేసి తెచ్చి రాసింది. నొప్పి ఉన్న చోటు మీదుగానే రాసింది, నేను పళ్లు బిగబట్టి నవ్వుతూ కూర్చున్నా.

అక్టోబర్‌లో రీజనల్స్, అంటే ప్రాంతీయ పోటీలు. ఫ్రీ స్కేట్‌లో మొదటి జంపే క్వాడ్ పెట్టుకున్నా. పడ్డాను. లేచి యాక్సెల్‌కి వెళ్తే భయంతో గాల్లో విచ్చుకుపోయి సింగిల్ అయింది. ఆ తర్వాత ట్రిపుల్ లట్జ్, రోజూ నిద్రలో కూడా చేయగలిగే జంపు, దిగుతుండగా పాదంలో ఏదో చిట్లినట్టయింది. కాలు నా మాట వినలేదు. సంగీతం నడుస్తూనే ఉంది, నేను బోర్డు పట్టుకుని నిలబడిపోయాను.

పాదంలో నావిక్యులర్ అని చిన్న ఎముక ఉంటుంది. దానికి రక్తం సరిగా అందదు, అందుకని పగులు మానడం కష్టం. స్క్రూ వేశారు, నెలల తరబడి కర్రలు. మళ్లీ మంచెక్కాను గానీ ఆ కాలు మీద నమ్మకంగా ట్రిపుల్ ఎప్పుడూ దిగలేదు. ఎప్పటి నుంచి నొప్పి అని డాక్టర్ అడిగితే, మీ అమ్మమ్మ పక్కనే ఉండగా, జులై నుంచి అని చెప్పాల్సి వచ్చింది. ఆవిడ తిట్టలేదు. పర్సు తీసుకుని బయటికెళ్లి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. ఆ తర్వాత చివరి వరకూ, నేను ఏ ఊరి నుంచి ఫోన్ చేసినా, ముందు "కాలెలా ఉందిరా" అనే అడిగేది. ఆ నూనె రాత్రి ఆవిడ చేతులు సరిగ్గా నొప్పి మీదే ఉన్నాయి, నేను నోరు విప్పలేదు. మెడల్ పోయిందన్న బాధ ఎప్పుడో పోయింది. ఇది పోలేదు.

నీకు జంపులు మాన్పించాలని ఇదంతా చెప్పడం లేదురా. ఆ వేసవిలో రెండుసార్లు నేను క్వాడ్ మీద నిలబడ్డాను. రెండే రెండుసార్లు, ఎవరూ చూడలేదు. దిగినప్పుడు బ్లేడు గీరుకుపోకుండా మంచుని మెత్తగా కోసుకుంటూ వెళ్లే చప్పుడు ఉంటుందే, అది ఇప్పటికీ నా చెవిలో ఉంది. అమ్మమ్మకి ఏ జంపేదో ఎప్పుడూ తెలియలేదు గానీ, కళ్లు మూసుకుని కూర్చుని ఆ చప్పుడుని బట్టి "ఇది బాగా దిగావు" అనేది, ఎప్పుడూ తప్పేది కాదు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలకి కూడా నేను ముందు అదే వినమంటాను.

కాబట్టి గెలవడానికి క్వాడ్ కావాలని నాతో అనకు. నీ మొహం చూశాను వీడియోలో, హార్నెస్ తాడు వదులైన ఆ క్షణంలో. నీకది కావాలి, అంతే. ఆ మాటే చెప్పు, నాకు అర్థమవుతుంది. పోటీ కోసమైతే రాబోయే రీజనల్స్ తేదీ వెంట తరుముతుంది. నీ కోసమైతే వచ్చే ఏడు వచ్చినా అది నీదే. ఈ సీజన్ ప్రోగ్రామ్‌లో పెట్టకు. హార్నెస్‌లో చెయ్యి, కోచ్ ఉన్నప్పుడే చెయ్యి, ఎత్తు పెరగడం ఇంకా ఆగలేదు నీకు, ఆరు నెలల్లో రెండంగుళాలు పెరిగావని మీ అమ్మే చెప్పింది. ఒళ్లు మారుతుంటే నిన్నటి టైమింగ్ ఇవాళ పనికిరాదు. ఒక్క జంపు కోసం ప్రోగ్రామ్‌ని మొదటి నుంచి చివరిదాకా ఆడటం మానేయకు, నేను మానేశాను.

ఇంకొక్క మాట. నీ వీడియోలో రెండో ప్రయత్నం దిగాక, ఒడ్డుకొస్తూ కుడి పాదం విదిలించావు. నాలుగోసారి కూడా. లేసు సరిచేసుకుంటున్నాడేమోనని మీ అమ్మ అంది. వెనక్కి తిప్పి తిప్పి చూశాను, చిన్నా, నువ్వు లేసు ముట్టుకోలేదు. ఆదివారం ఉదయం పదింటికి ఫోన్ చేస్తాను. అమ్మని పక్కన కూర్చోబెట్టుకో. ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, జంపులయ్యాకేనా లేక పొద్దున లేవగానే కూడానా, అన్నీ చెప్పు. అప్పటిదాకా మంచెక్కకు.

మీ మావయ్య