ముందు నడిపించు, తర్వాత విప్పు

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

షెడ్డులో మూలపడ్డ నీ చదువు రోజుల బండిని బయటికి తీశానని, ఈ ఆదివారమే ఇంజను దించేసి మొత్తం విప్పేస్తానని రాశావు. దించకు. విప్పకు. ఇప్పుడే వద్దు.

నీ వయసువాళ్లు చేపట్టే పాత బండ్లలో చాలావాటి గతి ఒకటే. మొదటి ఉత్సాహంలో రెండు రోజుల్లో ఆఖరి బోల్టు దాకా ఊడదీస్తారు. తర్వాత ఆఫీసు పని, పిల్లల పరీక్షలు, ఇంట్లో పెద్దవాళ్ల ఆసుపత్రి. ఆరు నెలలయ్యేసరికి ఏ వాషరు ఎక్కడిదో గుర్తుండదు. చివరికి ఎవరో వచ్చి అట్టపెట్టెల్లో నింపుకుని పట్టుకుపోతారు. ఇరవై ఏళ్లప్పుడు డబ్బు లేకపోయినా తీరిక ఉండేది, ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. అందుకని బండి ఎప్పుడూ మళ్లీ రోడ్డెక్కడానికి ఒకటి రెండు ఆదివారాల దూరంలోనే ఉండాలి. ఒక భాగం విప్పు, బాగుచెయ్, బిగించు, నడిపి చూడు. ఆ తర్వాతే ఇంకోటి. నడిచే బండే తన జబ్బేమిటో చెబుతుంది. విప్పేసిన బండి ఏమీ చెప్పదు.

ఇంజను తిరుగుతుందో లేదో ముందు చూసుకో. కిక్కు మాత్రం కొట్టకు. ఏళ్ల తరబడి కదలని ఇంజన్లో పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకి, అంటే సిలిండరు లోపలి గోడకి, అంటుకుని ఉండొచ్చు. బలంగా తన్నితే విరుగుతాయి. ప్లగ్గు తీసి ఆ కన్నంలోంచి రెండు చెంచాల ఇంజనాయిలు పోసి ఒక రాత్రి వదిలెయ్. మర్నాడు ప్లగ్గు బయటే ఉంచి, టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడించు. కదిలితే సగం గెలిచినట్టే. కదలకపోతే తుప్పు వదిలించే నూనె పోసి ఇంకో వారం ఆగు. సుత్తి జోలికి పోవద్దు.

ట్యాంకులో మిగిలిన పెట్రోలు వాసన చూస్తేనే తెలిసిపోతుంది పాడైందని. పాతబడి జిగురు కట్టిన పెట్రోలే కార్బొరేటర్లో పైలట్ జెట్టుని, అంటే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే చిన్న భాగాన్ని, మూసేస్తుంది. ఆ జెట్టు కన్నం చాలా బండ్లకి అర మిల్లీమీటరు కూడా ఉండదు. బండి చోక్ మీద స్టార్టయి, చోక్ తియ్యగానే ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఇనప తీగతో పొడవకు. జెట్టు ఇత్తడిది, మెత్తన. కన్నం కాస్త పెద్దదైనా పెట్రోలు కొలత తప్పుతుంది. కార్బొరేటర్ క్లీనరు కొట్టి, గాలి ఊదు. పెట్రోలు పైపు, ఫ్లోట్ చాంబర్ వాషరు, ట్యాప్‌లో రబ్బర్లు ఎలాగూ మార్చు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బర్లని పాడుచేస్తుంది, పైగా గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్తవి కొనేటప్పుడు ఇథనాల్‌కి తట్టుకునే రకమా కాదా అని అడుగు.

ట్యాంకులో తుప్పుంటే నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు నింపి ఒక రోజు ఉంచు. తర్వాత కడిగి, వంటసోడా నీళ్లతో ఆమ్లాన్ని విరగ్గొట్టి, వెంటనే ఆరబెట్టి లోపలంతా పలచగా నూనె పట్టించాలి. ఈ ఆఖరి పని రేపు చేద్దాంలే అనుకుంటే మర్నాటికి మళ్లీ ఎర్రగా తుప్పు కనిపిస్తుంది.

ఇంజనాయిలు మార్చి, కొత్త ప్లగ్గు పెట్టి, సీబీ పాయింటు (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని నిర్ణయించే స్విచ్చు) శుభ్రం చేసి ఫీలర్ గేజుతో (సందు కొలిచే పలచటి రేకులతో) గ్యాప్ సరిచూసి, అప్పుడు స్టార్ట్ చెయ్. ఆరుబయట, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకుని. ఇంజను బతికితే వేడెక్కాక, సిలిండరు లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజు పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొలువు. అంకె తక్కువొస్తే ప్లగ్గు కన్నంలో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలువు. అంకె బాగా పెరిగిందంటే రింగులూ బోరూ అరిగాయి. పెరగలేదంటే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. ఇంజను దించాలో వద్దో ఈ పరీక్ష చెప్పాలిగానీ నీ ఉత్సాహం కాదు. అంకె మాన్యువల్లో చెప్పినంత ఉంటే, పొగ లేకపోతే, టాపెట్లు (వాల్వుల దగ్గరి సందులు) సరిచేసి ఆ ఇంజన్ని దాని మానాన వదిలెయ్. బోరు కొట్టించక, అంటే సిలిండరుని లోపల చెక్కించి పెద్దది చేయించక, తప్పదంటే ముందు పిస్టన్ తెచ్చుకుని దాని కొలతకి బోరు కొట్టించు. ఓవర్ సైజులు మామూలుగా 0.25 నుంచి 1.00 మిల్లీమీటరు దాకా దొరుకుతాయి. ఆఖరి సైజు దాటాక లోపల కొత్త గొట్టం, అంటే స్లీవు, దించడమే గతి.

ఇక బ్రేకులు. నీ ఉత్తరంలో రంగు గురించి సగం పేజీ రాశావు, క్రోమ్ గురించి రాశావు, సైలెన్సర్ చప్పుడు గురించి కూడా రాశావు. బ్రేకు ఊసు ఒక్కచోట లేదు. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఇరవై ఏళ్లప్పటికీ ఇప్పటికీ నీ చెయ్యి లివరు దాకా వెళ్లడానికి పట్టే సమయం కొంచెం పెరిగే ఉంటుంది. ఆ కొంచెమే కొన్ని మీటర్లు. దాన్ని బండే తిరిగి సంపాదించి పెట్టాలి.

డ్రమ్ము తెరిచేటప్పుడు లోపలి దుమ్ముని గాలితో ఊదొద్దు. పాత బ్రేక్ లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకి చేటు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో మూటకట్టి పారెయ్. లైనర్ మందం మిగిలి ఉన్నా, ఏళ్లు నిలవుండి గట్టిపడ్డ షూలు పట్టుకోవు. కొత్తవి వేయించు. డ్రమ్ము కోడిగుడ్డులా సాగిందేమో లేతు మిషను వాళ్లకి చూపించు. షూలని విచ్చుకునేలా చేసే క్యామ్ పిన్ను తీసి శుభ్రం చేసి, కాస్తంత గ్రీజు పెట్టు. కేబులు కొత్తది వెయ్. లివరు గట్టిగా పట్టినప్పుడు డ్రమ్ము మీదున్న ఇనప ఆర్ముకీ కేబులుకీ మధ్య దాదాపు సమకోణం ఉండేలా బిగించు. బలమంతా అక్కడే ఉంది. ఇవన్నీ చేశాక డ్రమ్ము బ్రేకు నీ బండి వేగానికి సరిపోతుంది.

డిస్కు పెట్టిస్తానంటావని తెలుసు. 1969లో హోండా సీబీ 750 ముందు చక్రానికి డిస్కుతో వచ్చినప్పటి నుంచి డ్రమ్ము అంటే జనానికి చులకన. కానీ డిస్కు అంటే ఒక్క పళ్లెం కాదు. హబ్బు, ఫోర్కు, మాస్టర్ సిలిండరు, లివరు అన్నీ మారాలి. నీ సన్నటి ఫోర్కు కాళ్లు ఆ లాగుడుకి చేసినవి కావు. వేరే బండి ముందుభాగం మొత్తం తెచ్చి అమర్చాలి, అప్పుడు ఎత్తూ వాలూ మారి బండి తిరిగే తీరే మారుతుంది. అది తెలిసినవాడు చేస్తే సరే. పక్క వీధి వెల్డింగు వాడు ఫోర్కు కాలికి క్యాలిపర్ అతికిస్తానంటే దణ్ణం పెట్టి వచ్చెయ్.

టైర్ల మీద గీతలు బాగానే ఉన్నాయన్నావు. గీతలు కాదు, పక్కన అచ్చేసిన నాలుగంకెలు చూడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2309 అంటే 2009లో 23వ వారం. మూడంకెలే ఉంటే 2000కి ముందు టైరు. అది మ్యూజియంలో ఉండాల్సింది. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, తడి రోడ్డు మీద వదిలేస్తుంది. ట్యూబులు, రిమ్ము టేపు కూడా మార్చు. అందానికని లావు టైరు వెయ్యొద్దు. సన్నటి రిమ్ము మీద అది నొక్కుకుపోయి మలుపులో బండి బరువెక్కుతుంది.

తర్వాత ముందు చక్రం నేలకి ఆనకుండా లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పు. సరిగ్గా మధ్యలో టక్కున పడుతున్నట్టుంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, అంటే కోన్‌సెట్టు, పోయింది. గుండ్ల బదులు టేపర్ రోలర్ బేరింగులు దొరికితే అవే వేయించు. బండికి చేసే మార్పుల్లో కంటికి కనబడనిదీ చేతికి బాగా తెలిసేదీ ఇదే. వెనక ఫోర్కుని పక్కలకి లాగి చూడు, ఊగితే బుష్షులు అరిగాయి. ముందు ఫోర్కులో ఆయిలూ సీళ్లూ మార్చడానికి ఒక పూట చాలు.

కరెంటు పని నీకిష్టం లేదని తెలుసు, కానీ తప్పించుకోకు. మన వయసుల్లో కంటిపాప మునుపటిలా విచ్చుకోదు, రాత్రి వెలుతురు ఎక్కువ కావాలి. పాత 6 వోల్టుల దీపం సరిపోదు. 12 వోల్టులకి మార్చుకుంటే మంచిదే, కాకపోతే లెక్క చూసుకుని. 60 వాట్ల బల్బు ఒక్కటే 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. కరెంటు పుట్టించే పాత మ్యాగ్నెటో కాయిలు అంత ఇస్తుందో లేదో కొలిపించు. ఎల్ఈడీ బల్బు తక్కువ లాగుతుంది కానీ, పాత రిఫ్లెక్టర్లో వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో కొట్టొచ్చు. గోడకి ఎదురుగా నిలబెట్టి వెలుగు అంచు చూసుకో. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే ఇంజను రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. సీబీ పాయింటు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోవడం నాకూ సమ్మతమే. తీసిన పాయింటు పలక మాత్రం పారెయ్యకు.

పాత భాగాలన్నిటికీ అదే మాట. ఫ్రేము కొయ్యకుండా, కన్నం పెట్టకుండా, రేపు మళ్లీ పాతదాన్ని బిగించగలిగేలా మార్పులు చెయ్. ఫ్రేము, ఇంజను నంబర్ల మీద గ్రైండరు పడకుండా చూసుకో, మార్పులకి మీ రవాణా నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కో. గాలి ఫిల్టరు డబ్బా పీకేసి వట్టి ఫిల్టరు, చప్పుడు సైలెన్సరు పెట్టి శక్తి పెరిగిందనుకునేవాళ్లు చాలామంది. జెట్లు మార్చకుండా అలా చేస్తే మిశ్రమంలో గాలి ఎక్కువై ఇంజను వేడెక్కుతుంది, పెరిగేది చప్పుడే. ఇంకో సంగతి, అది మీ ఇంట్లోవాళ్లకీ పక్కింటివాళ్లకీ కూడా వినబడుతుంది.

విప్పేటప్పుడు నీకు అన్నిటికన్నా అవసరమైన పనిముట్టు దగ్గరి చూపు కళ్లద్దాలు. నవ్వకు. పెట్టుకోకుండా స్క్రూ తల అరగ్గొట్టినవాళ్లని చాలామందిని చూశాను. జపాన్ బండ్ల మీది ప్లస్ స్క్రూలకి మామూలు ప్లస్ స్క్రూడ్రైవరు సరిగ్గా కూర్చోదు, జారి తల చెడుతుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం వేరే దొరుకుతుంది, కొనుక్కో. బిగుసుకుపోయినవాటికి ముందురోజే నూనె పెట్టి, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవరు వాడు. అల్యూమినియంలోకి దిగే 6 మిల్లీమీటర్ల బోల్టుకి దాదాపు 10 న్యూటన్ మీటర్లు చాలు. చెయ్యి బలం చూపిస్తే మర ఊడి వస్తుంది, టార్క్ రెంచి పెట్టుకో. విప్పే ముందు ఫొటో, విప్పాక కవరు, కవరు మీద పేరు. నేల మీద కూర్చుని చెయ్యొద్దు. బండిని బల్ల ఎత్తుకి లేపించే ఏర్పాటు చూసుకో, లేదంటే బండి బాగయ్యేలోపు నీ నడుం పోతుంది.

నీ ఒంటికి తగ్గట్టు బండిని మార్చుకోవడానికి సిగ్గుపడకు. హ్యాండిల్ రెండంగుళాలు పైకి, వెనక్కి రానీ. కేబుళ్ల పొడవు సరిపోతుందో, పూర్తిగా తిప్పినప్పుడు లాగుతుందో లేదో చూసుకో. సీటులో ఫోము కొత్తది వేయించు. కిక్కుకి మోకాలు ఒప్పుకోకపోతే సెల్ఫ్ స్టార్టు అమర్చే వీలుందేమో అడుగు. లేకపోతే సెంటర్ స్టాండు మీద, పిస్టన్ కంప్రెషన్ దాటించి, శరీరం బరువుతో తొక్కు.

రంగు అన్నిటికన్నా చివర. నాలుగు నెలలు నడిపాక, ఆయిలు ఎక్కడ కారుతుందో, ఏది పగులుతుందో అన్నీ తేలాక. పౌడర్ కోటింగు వేయిస్తే బేరింగు గిన్నెలు, మరలు మూయించు. అది మందంగా పేరుకుని నంబర్లు కనబడకుండా చేస్తుంది, ముందే ఫొటోలు తీసుకో. రంగేశాక బండి స్టార్టు కాదని బెంబేలెత్తిపోయేవాళ్లున్నారు: ఎర్త్ వైరు బిగించే చోట రంగు గీకలేదు, అంతే. ఇంజను కేసుల్ని ఇసకతో కొట్టించొద్దు. ఆయిలు దారుల్లో ఒక్క రేణువు మిగిలినా బేరింగులు తింటుంది.

నీ పాత హెల్మెట్టు కూడా షెడ్డులోనే దొరికిందన్నావు, దాన్ని అక్కడే ఉండనీ. లోపలి ఫోము పాతబడుతుంది. అయిదేళ్లకోసారి మార్చమని స్నెల్ ఫౌండేషన్ లాంటి పరీక్షా సంస్థలే చెబుతాయి. మొదటి రోజుల్లో ఖాళీ మైదానంలో బ్రేకు వేసి ఆపడం మళ్లీ నేర్చుకో. మొదటి వంద కిలోమీటర్లయ్యాక ప్రతి నట్టూ, ఊచలూ, చైను వదులూ చూడు.

ఆదివారం ఇంజను జోలికి పోకుండా మూడు ఫొటోలు పంపు: టైరు మీది అంకెలు, టార్చి వేసి తీసిన ట్యాంకు లోపలిభాగం, తీసిన ప్లగ్గు కొస. అవి చూసి ఏ సామాను తెప్పించాలో చెబుతాను.

మీ బాబాయి